ఓటీపీ వెళ్ళిన ఫోను

నా పని ఏందని ఎవరన్నా అడిగితే చెప్పటానికి నాకే విసుగు. ఆసుపత్రుల్లో పని అంటే నర్సువా అంటారు. కాదంటే బిల్లింగా అంటారు. అదీ కాదంటే మరింకేం చేస్తావమ్మా అని జాలిగా చూస్తారు. మా అత్తగారు మాత్రం "మా కోడలు డాక్టర్లకి నంబర్లేస్తది" అని చుట్టుపక్కల ఇళ్ళల్లో చెప్పుకుంటుంది, అదేదో లారీలకి నంబరు ప్లేట్లు బిగించినట్టు. నిజం చెప్పాలంటే ఆవిడ చెప్పిందే దగ్గరగా ఉంది.

ఇప్పుడు ప్రతి డాక్టరుకీ దేశమంతా చెల్లే నంబరు ఒకటి ఉండాలి. ప్రతి ఆసుపత్రికీ ఒకటి ఉండాలి. ఫలానా డాక్టరు ఫలానా ఆసుపత్రిలో పనిచేస్తున్నాడని ఆ రెండు నంబర్లనీ కంప్యూటర్లో ముడెయ్యాలి. ముడి పడకపోతే సర్కారు ఉచిత వైద్యం పథకం కింద ఆ ఆసుపత్రికి అనుమతులు రావు. నేను నరసరావుపేటలో ఉంటాను. బ్యాగులో ల్యాప్‌టాప్ పెట్టుకుని వినుకొండ, గురజాల, మాచర్ల తిరిగి ఈ ముళ్ళేసి వస్తుంటాను. చెప్పటానికి తేలిగ్గానే ఉంటుంది. చెయ్యబోతే తెలుస్తుంది. బోర్డు మీద పేరున్న డాక్టరు వారానికోసారి కూడా కనపడని ఆసుపత్రులున్నాయి. ఒకే డాక్టరు పేరు మూడూళ్ళలో మూడు బోర్డుల మీద ఉంటుంది. అలాంటి చోట నేను లోపలికి అడుగుపెడితే ఇన్‌కంటాక్సు వాళ్ళు వచ్చినట్టు మొహాలు పెడతారు.

నాకు నోరెక్కువ. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ చిన్నప్పట్నుంచీ మొత్తుకుంది. నాకు ఎక్కలేదు. ఎన్నోసార్లు ఫోన్లు చేసి, ఎన్నోసార్లు బస్సెక్కి, చివరికి గడువు రోజున "అమ్మాయ్, కాస్త చూడు" అంటే ఒళ్ళు మండదా.

మాచర్లలో ఆ ఆసుపత్రి డాక్టరుగారు మాత్రం దొంగ బోర్డు మనిషి కాదు. అరవై దాటిన మనిషి, పొద్దున్నే వచ్చి కూర్చుంటే పొద్దుగూకే దాకా కదలడు. పై అంతస్తులో రక్తం కడిగే మిషన్లు పెట్టాడు. కిడ్నీలు పాడైనవాళ్ళు అక్కడ రోజు మార్చి రోజు పడుకుని రక్తం శుద్ధి చేయించుకుని పోతుంటారు. అందరూ పథకం మీద వచ్చేవాళ్ళే. ఆ మిషన్లకి బాధ్యుడైన పెద్ద డాక్టరు ఆయనొక్కడే. కాబట్టి ఆయన నంబరు లేకపోతే ఆ మిషన్లు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఇంత మంచి మనిషి, ఆ ఒక్క పనికి మాత్రం నెలల తరబడి నన్ను తిప్పించాడు. ఫోన్ చేస్తే "చూద్దాం లేమ్మా." వెళితే "ఇయ్యాల ఓపీ ఎక్కువుంది, ఇంకోసారి." ఆయన సర్టిఫికెట్లన్నీ సిస్టరమ్మ చేత ఎక్కించేశాను. సిస్టరమ్మ అంటే అక్కడి హెడ్ నర్సు, ఆసుపత్రి మొదలైనప్పట్నుంచీ ఉన్న మనిషి. ఇక మిగిలింది ఒక్కటే. ఆధార్ కొడితే ఫోనుకి ఒక ఓటీపీ వస్తుంది. ఆ ఆరంకెలూ ఎక్కిస్తే నంబరు పుడుతుంది. దానికింత నాటకమేంటని నాకు లోలోపల మంటగా ఉండేది. పెద్దాయన కదా, కంప్యూటరంటే భయం కాబోలు అనుకున్నా.

మే నెలలో ఒక రోజు జిల్లా ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఈసారి గడువు పెంచరు, సాయంత్రం ఆరింటితో మూసేస్తారు, నంబరు లేని ఆసుపత్రులకి రేపట్నుంచి కొత్త అనుమతులు ఆగిపోతాయి, మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో చెప్పలేరు. నేను మొదటి బస్సుకే మాచర్ల బయల్దేరా.

పైన మిషన్ల గది ముందు బెంచీ మీద రెంటచింతల టైలరమ్మ కూర్చునుంది. ఆవిడ నాకు ఆ ఆసుపత్రిలోనే పరిచయం. నా వయసే ఉంటుంది. మెడలో జపమాల, చేతిలో చిన్న ఐసు ఫ్లాస్కు. ఆ జబ్బున్నవాళ్ళు నీళ్ళు ఇష్టమొచ్చినట్టు తాగకూడదు. తాగింది తాగినట్టు ఒంట్లోనే ఉండిపోయి ఊపిరితిత్తులకెక్కుతుంది. రెంటచింతల ఎండ సంగతి చెప్పేదేముంది, పొద్దున తొమ్మిదింటికే గోడలు కాలిపోతుంటాయి. ఆ ఎండలో నాలిక పిడచకట్టుకుపోతే ఆవిడ ఒక ఐసుముక్క బుగ్గన పెట్టుకుని కళ్ళు మూసుకుంటుంది. అదే ఆవిడకి చలివేంద్రం.

"అక్కా, ఇక్కడ ఆపేస్తారంటున్నారు, నిజమేనా?" అంది.

"ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారు. ఆపేస్తే నరసరావుపేట పోవాలంట."

అంతకుముందోసారి ఇక్కడి మిషన్లు రిపేరుకొస్తే ఆవిడ నరసరావుపేట పోయింది. రక్తం కడిగాక మనిషి ఎండిన గడ్డిపోచలా అయిపోతుంది. అట్లా బస్సెక్కి వస్తూ దారిలో బీపీ పడిపోయి, పిడుగురాళ్ళ స్టాండులో దించి ఎవరో మొహాన నీళ్ళు కొట్టారట. ఆ సంగతి నాకు ఆవిడే చెప్పింది. "ఇంకోసారి పోతే తిరిగి రానక్కా. పోలేక ఇంట్లో ఉంటే వారం కూడా ఉండను" అని మామూలుగా, జాకెట్టు కొలతలు చెప్పినట్టు చెప్పింది.

"ఆపరు. నేను వచ్చిందే అందుకు" అని చెప్పి కిందికి దిగా.

డాక్టరుగార్ని ఓపీ మధ్యలోంచి లాక్కొచ్చి ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టా. ఆధార్ నంబరు కొట్టా. ఓటీపీ పంపాం అని వచ్చింది. మూడుసార్లే పంపుతాం, మూడోది కూడా వాడకపోతే రేపటిదాకా తాళం అని కింద రాసుంది. ఆయన ఫోను బల్ల మీదే ఉంది. మోగలేదు. స్క్రీను మీద ఓటీపీ వెళ్ళిన నంబరు చివరి అంకెలు కనపడుతున్నాయి. అవి ఆయన ఫోనువి కాదు.

"ఎవరిదండీ ఈ నంబరు?"

ఆయన స్క్రీను వంక చానాసేపు చూశాడు. తరవాత లేచి, "పేషెంట్లున్నారమ్మా" అని వెళ్ళిపోయాడు. నేను నోరెళ్ళబెట్టుకుని కూర్చున్నా. పది నిమిషాలు గడిచిపోయాయి. మొదటి ఓటీపీ అట్లా గాలికి పోయింది.

సిస్టరమ్మ తలుపు దగ్గరికేసి వచ్చి చెప్పింది. ఆధార్ కార్డులు కొత్తగా వచ్చినప్పుడు డాక్టరుగారి సొంతూళ్ళో స్కూల్లో క్యాంపు పెట్టారట. రెంటచింతల అవతల పల్లె అది. డాక్టరుగారికి ఒక అన్న ఉన్నాడు. తండ్రి పోయాక ఇంటికి పెద్ద ఆయనే. తమ్ముణ్ణి చదివించిందీ ఆయనే. ఆ రోజు ఇంటిల్లిపాదినీ వరసగా నిలబెట్టి, ఫోను నంబరు అడిగితే అందరికీ తన నంబరే చెప్పాడట. తల్లికి, భార్యకి, పిల్లలకి, మాచర్ల నుంచి ఆ ఒక్క పూటకీ వచ్చిన డాక్టరు తమ్ముడికి కూడా. మా వైపు ఇది మామూలే. ఇంటికి పెద్ద ఎవరో ఊరికి తెలియాలంటే అన్నిటికీ ఆయన పేరే ఉండాలి. పొలం నీటి తీరువ దగ్గర్నుంచి గ్యాసు బండ దాకా.

"అయితే ఆయనకి ఫోన్ చేసి అడిగితే పోలా?"

"వాళ్ళకి మాటల్లేవు మేడం."

మాటల్లేవంటే మా పల్నాట్లో ఏంటో వేరే ఊరివాళ్ళకి చెప్పటం కష్టం. కోపం కాదది, కోపమైతే తగ్గుతుంది. వాళ్ళ గడప వీళ్ళు తొక్కరు, వీళ్ళ పెళ్ళికి వాళ్ళు రారు, ఎదురుపడితే రోడ్డుకి ఆ వారన ఒకరు ఈ వారన ఒకరు పోతారు. కారణం అడిగితే చెప్పింది. అన్న సర్పంచికి నిలబడ్డాడు. ఓట్ల రోజు ఊళ్ళో కొట్లాట అయింది. రెండు వైపులవాళ్ళూ తలలు పగిలి ఒకేసారి ఈ ఆసుపత్రికే వచ్చారు. డాక్టరుగారు ముందు అవతలి పార్టీ మనిషికి కుట్లేశాడు. ఎందుకంటే వాడికి నెత్తురు ఎక్కువ పోతోంది. అన్న మనుషులు బెంచీ మీద కూర్చుని తువ్వాళ్ళు అదుముకుంటూ చూశారు. అన్న ఓడిపోయాడు. మర్నాడు ఆసుపత్రికి వచ్చి, పేషెంట్లందరి ముందూ, "నాకు తమ్ముడు లేడు" అని ఒక్క మాట అని వెళ్ళిపోయాడట. డాక్టరుగారు కూడా "సరే" అన్నాడట. అంతే. ఏళ్ళు గడిచిపోయాయి.

ఇదీ సంగతి. నెలలుగా చూద్దాం లేమ్మా అంటున్నది ఇందుకు. నాకు జాలి వేయాల్సింది, మంటెత్తింది. ఓపీ గదిలోకి వెళ్ళి ఆయన్ని లేపి వీధి చివర ఆధార్ సెంటరుకి లాక్కెళ్ళా. నంబరు మార్పిద్దామని. వేలు పెట్టమంటే పెట్టాడు. మిషను ఒప్పుకోలేదు. పది వేళ్ళూ పెట్టాడు. జీవితమంతా చేతులు కడిగి కడిగి ఆ మనిషికి వేలిముద్రలు అరిగిపోయాయి. చివరికి కళ్ళతో తీసుకున్నారు. మారటానికి వారం పైనే పడుతుందన్నారు. వారం ఎక్కడిది నాకు, సాయంత్రం దాకానే కదా ఉంది. ఆయన అర్జీ కూడా ఇవ్వకుండానే లేచాడు.

తిరిగి వచ్చేటప్పుడు నడుస్తూ అడిగా. "ఒక్క ఫోన్ చేయండి డాక్టరుగారూ. ఆరంకెలే కదా."

"నా ఆసుపత్రి నుంచి ఆ ఇంటికి ఫోన్ పోదమ్మాయ్."

"మిషన్లు ఆగిపోతాయి."

"తెలుసు" అన్నాడు. అయినా ఆగలేదు, లోపలికి వెళ్ళిపోయాడు. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు, ఆ సామెత కట్టినవాడు మాచర్ల వచ్చి ఉంటాడు.

ఆ నంబరు సిస్టరమ్మ దగ్గర పాత డైరీలో ఉంది. నేనే చేశా. మోగింది. మళ్ళీ చేశా, మోగింది. ఎవరూ ఎత్తలేదు. అప్పటికి టైలరమ్మ మిషను మీద నుంచి దిగింది. మొహం పాలిపోయి ఉంది. సంగతంతా వినేసినట్టుంది.

"ఆ ఇంటికి జాకెట్లు కుడతానక్కా నేను. పెద్దమ్మ బాగా తెలుసు. పద, నేనూ వస్తా."

"నువ్వు పడుకోవే తల్లీ."

"పడుకుంటే ఎల్లుండి ఏం చెయ్యను?"

ల్యాప్‌టాప్ సిస్టరమ్మకి అప్పగించి, నేను ఫోన్ చేసినప్పుడు నొక్కమని చెప్పి, ఇద్దరం రెంటచింతల బస్సెక్కాం. బస్సులో కిటికీ ఊచ ముట్టుకుంటే చుర్రుమంటోంది. టైలరమ్మ నా భుజం మీద తల పెట్టి ఫ్లాస్కు మూత తీసింది. ముక్క ఒక్కటే మిగిలింది. దాన్ని నోట్లో వేసుకోకుండా మళ్ళీ మూత పెట్టింది, దేనికో దాచుకున్నట్టు. నేను గడియారం చూసుకోవటం మానేశా. రెంటచింతలలో దిగి ఆటో మాట్లాడుకుని పల్లెకి పోయేసరికి నాలుగున్నర దాటింది.

పెద్దాయన వసారాలో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. తెల్ల మీసం, మోచేతుల పైకి మడిచిన చొక్కా. డాక్టరుగారి మొహమే, కాకపోతే ఎండలో పెట్టి తీసిన మొహం. వాళ్ళావిడ టైలరమ్మని చూసి "ఏమే, ఇంత ఎండన పడొచ్చావు" అంటూ రెండు చెంబులు నీళ్ళు తెచ్చింది. నేను గడగడా తాగేశా. టైలరమ్మ చెంబు పుచ్చుకుని, చల్లగా ఉన్న ఆ ఇత్తడిని బుగ్గకి ఆనించుకుని, తాగకుండా కింద పెట్టేసింది.

"తాగవే" అంది పెద్దమ్మ.

"నాకు లెక్కుంది పెద్దమ్మా. ఇయ్యాల్టిది అయిపోయింది."

పెద్దాయన అది చూశాడు. నేను సంగతి చెప్పటం మొదలుపెట్టా. 'డాక్టరు' అనే మాట వినగానే ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు.

"ఎవరు పంపారు నిన్ను? వాడు పంపాడా?"

"లేదు బాబాయ్. నేనే వచ్చా."

"అట్లయితే నాతో నీకేం పని లేదు. ఆ నంబరు ఎప్పుడో తీసేశాం."

"మధ్యాహ్నం రింగయింది కదండీ" అన్నా.

పెద్దాయన నా వంక గుర్రుగా చూశాడు. పెద్దమ్మ మొహం తిప్పుకుంది. కాసేపటికి ఆయన లేచి లోపలికి వెళ్ళాడు. బీరువా తలుపు చప్పుడైంది. ఒక చిన్న బటన్ ఫోను తెచ్చాడు. అంకెలు అరిగిపోయిన ఫోను, రబ్బరు బ్యాండు వేసుంది. ఆయన జేబులో ఇంకో పెద్ద ఫోను ఉంది. మాట్లాడుకోవటానికి అది.

"దీంట్లో మాట్లాడేదేం లేదు. ఎవరు చేసినా ఎత్తను" అన్నాడు. "వాడివి వస్తయ్యి దీనికి. కరోనా అప్పుడు వాడు టీకా వేయించుకున్నాడని దీనికే వచ్చింది. ఆ రోజుల్లో డాక్టర్లు పోతన్నారని రోజూ టీవీలో చెబుతుండె. అది వచ్చాక నిద్ర పట్టింది." మాట ఆపి మీసం తుడుచుకున్నాడు. "ఎప్పుడో ఒకటి వస్తది. నెలనెలా రీచార్జి చేయిస్తా. పొద్దున కూడా ఒకటి వచ్చింది, అంకెలు. చూస్తా కూర్చున్నా. పని పడ్డట్టుంది, ఫోను చేస్తాడులే అనుకున్నా. మోగింది కూడా. తీరా చూస్తే కొత్త నంబరు."

అది నాదే. అది చెప్పుకునే టైము కూడా లేదు. బయటికొచ్చి సిస్టరమ్మకి ఫోన్ చేసి రెండోది పంపించమన్నా. బటన్ ఫోను కుయ్యిమంది. పెద్దాయన చూశాడు. చూసి గుప్పిట మూశాడు.

"చెప్పండి బాబాయ్."

"ఎవరికీ చెప్పొద్దని దీంట్లోనే రాసుంది. టీవీలో కూడా రోజూ చెబుతున్నారు. నువ్వెవరివో నాకు తెలవదు. వాడిది వాడికే చెబుతా. ఫోను చేసి అడగమను."

"ఆయన అడగడండీ."

"అడగందే అమ్మైనా పెట్టదు" అన్నాడు పెద్దాయన, మంచం మీద వెనక్కి ఆనుకుంటూ.

డాక్టరుగారికి ఫోన్ చేశా. ఎక్కడున్నానో విని, "ఎవరు వెళ్ళమన్నారు నిన్ను అక్కడికి?" అని అరిచాడు. ఆ మనిషి అరవటం నేనెప్పుడూ వినలేదు. నేనూ ఊరుకోలేదు. "ఎవరన్నా వెళ్ళాలి కదండీ. మీరిద్దరూ ముసలాళ్ళై కూడా బడిపిల్లల్లా నువ్వు ముందంటే నువ్వు ముందని కూర్చుంటే మధ్యలో చచ్చేది ఎవరు? మీ పంతానికి ఆవిడ ఊపిరి తాకట్టా?" అని ఏదేదో అనేశా. పెద్దాయన వింటున్నాడని తెలుసు, ఆయనకీ తగలాలనే అన్నా. అవతల ఫోను పెట్టేశాడు. ఇవతల పెద్దాయన గుప్పిట తెరవలేదు. అంత పెద్ద చేతిలో ఆ చిన్న ఫోను కనపడను కూడా లేదు. పది నిమిషాలు అయిపోయాయి. రెండోది కూడా పోయింది.

ఇక ఒక్కటే ఉంది. ఐదున్నర దాటింది. వసారా మెట్టు మీద కూలబడ్డా.

అప్పుడు టైలరమ్మ నా చేతిలోంచి ఫోను తీసుకుంది. తనే డాక్టరుగారికి చేసింది. ఆయన ఎత్తాడు. స్పీకరు పెట్టటం ఆవిడకి తెలియదు, నేనే నొక్కా.

"డాక్టరుగారూ, నేను, రెంటచింతల. ఇక్కడ పెద్దాయన ఇంట్లో ఉన్నా." ఆవిడకి ఆయాసం వస్తోంది, ఆగి ఆగి మాట్లాడింది. "నేనేం అడగను. ఎల్లుండి నేను రావాలా, వద్దా. అదొక్కటి చెప్పండి చాలు. వద్దంటే నా పిల్లకి చెప్పుకునేయి కొన్ని ఉన్నయి, రేపు కూర్చోబెట్టి చెప్పుకుంటా."

పెద్దమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుంది. డాక్టరుగారి గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు ఫోనులో వినిపిస్తోంది. పెద్దాయన తల దించుకుని, కింద పెట్టిన ఆ తాగని చెంబు వంకే చూస్తున్నాడు.

"ఫోను ఆయనకివ్వమ్మా" అన్నాడు డాక్టరుగారు.

పెద్దాయన లేచాడు. వసారాలో సిగ్నలు వస్తూ పోతూ ఉంది. ఇద్దరం డాబా మెట్లెక్కాం, ఆయన గోడ పట్టుకుని ఎక్కాడు. డాబా మీద కాలు పెడితే పెనం మీద పెట్టినట్టుంది. నేను చెప్పులు కిందే వదిలేశా, ఆయన కూడా అంతే. టైలరమ్మ ఇచ్చిన నా ఫోను ఒక చేత్తో పట్టుకుని, "సిస్టరమ్మని నొక్కమనండి డాక్టరుగారూ" అన్నా. నొక్కింది. చూస్తున్నాం. రాలేదు. పెద్దాయన బటన్ ఫోను పైకెత్తి పట్టుకుని డాబా ఆ చివరికి నడిచాడు, ఈ చివరికి నడిచాడు. కాళ్ళు కాలుతున్నా ఆగలేదు. అట్లా ఎంతసేపు నడిచాడో. ఫోను కుయ్యిమంది.

ఆయన దాన్ని కళ్ళకి దూరంగా పెట్టుకుని చదివాడు.

"నాలుగు" అన్నాడు.

కాసేపు ఆగి, నా ఫోనులోంచి డాక్టరుగారు, "నాలుగు" అన్నాడు.

"సున్నా."

"సున్నా."

"ఏడు."

"ఏడు."

అన్నా అని ఒకరు పిలవలేదు, తమ్ముడా అని ఇంకొకరు అనలేదు. పెద్దాయన ఒక్కో అంకె చదివి ఆగుతున్నాడు, అవతల నుంచి ఆ అంకె తిరిగొచ్చేదాకా రెండోది చదవటం లేదు. నాకు ఆదుర్దాగా ఉంది, తొందరగా చదవండి బాబోయ్ అని నోటిదాకా వచ్చింది. జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నా. అంకెకీ అంకెకీ మధ్య ఆయన గొంతు పలచనైపోతోంది. ఆరోది చదివేసరికి గాలి తప్ప ఏమీ రాలేదు, డాక్టరుగారు మాత్రం సరిగ్గానే విన్నాడు, మళ్ళీ చెప్పాడు.

"అయిందా?" అన్నాడు పెద్దాయన.

"అయింది."

ఫోను మాత్రం ఎవరూ పెట్టెయ్యలేదు. సిస్టరమ్మ గొంతు వినిపించింది. "మేడం, నంబరు వచ్చింది. ఆసుపత్రికి కలిపేశా, పచ్చ టిక్కు పడింది." టైము చూశా. ఆరుకి ఇంకా కాస్త ఉంది.

"మేడం, ఇంకోటి అడుగుతోంది" అంది సిస్టరమ్మ. "ఇక మీదట ఓటీపీలు ఇదే ఫోనుకి పంపాలా, వేరే నంబరు ఇస్తారా అని."

ఇది నాకు కొట్టినపిండి. అందరికీ ఇక్కడే ఆసుపత్రి ఫోను పెట్టించేస్తా, మళ్ళీ మళ్ళీ గోల ఉండకుండా. "వేరేది ఇవ్వు. డాక్టరుగారి నంబరు కొట్టెయ్" అన్నా, ఆలోచించకుండానే.

పెద్దాయన బటన్ ఫోనుకి రబ్బరు బ్యాండు వేస్తున్నవాడల్లా ఆగిపోయాడు. నా వంక చూడలేదు. ఫోను వంక కూడా చూడలేదు. ఊరి పక్క కాలవ వైపు తిరిగి నిలబడ్డాడు.

"వద్దు" అన్నాడు డాక్టరుగారు. "అదే ఉండనీ."

"అదేంటి డాక్టరుగారూ" అన్నా నేను, బుద్ధిలేకుండా. "ముందుముందు ఎన్నిసార్లు కావాల్సొస్తుందో. ప్రతిసారీ నేను బస్సెక్కి ఈ డాబా మీదికి రావాలా?"

"నువ్వు రానక్కర్లేదమ్మా. నేనే ఫోను చేసి అడుగుతా." తరవాత, "ఆవిణ్ణి ఎల్లుండి టైముకి రమ్మను" అని పెట్టేశాడు.

కిందికి దిగేసరికి టైలరమ్మ ఫ్లాస్కు మూత తీసి, దాచుకున్న ఆఖరి ముక్క నోట్లో వేసుకుంటోంది. మా మొహాలు చూస్తూనే ఆవిడకి అర్థమైపోయింది. పెద్దమ్మ మాత్రం ఫోను మళ్ళీ లోపల పెడతాడని మొగుడి కన్నా ముందే వెళ్ళి బీరువా తలుపు తీసి పట్టుకుని నిలబడింది. పెద్దాయన వెళ్ళలేదు. జేబులో ఉన్న పెద్ద ఫోను తీసి మంచం మీద పడేసి, ఆ చిన్న ఫోనుని చొక్కా జేబులో వేసుకుని పైన చెయ్యి పెట్టుకు కూర్చున్నాడు.